పలకని నంబరు

సోమవారం పొద్దున కూడా ప్రింటర్ మొరాయించింది.

ల్యాబు కౌంటరు ముందు పదకొండు మంది నిలబడి ఉన్నారు. అందరివీ రక్తపరీక్షల రిపోర్టులే. అన్నీ కంప్యూటర్లో సిద్ధంగా ఉన్నాయి, కాగితం మీదికే రావడం లేదు. గువ్వ మళ్లీ నొక్కింది. తెర మీద మళ్లీ అదే మాట: ప్రింటర్ అందుబాటులో లేదు. ఆ ప్రింటరేమో ఆమె మోచేతికి జానెడు దూరంలో, పచ్చలైటు వెలిగించుకుని, తనకేం సంబంధం లేనట్టు కూర్చుని ఉంది.

గువ్వ అసలు పేరు కాదు. తలుపు చప్పుడైనా, ఫోను మోగినా ఉలిక్కిపడుతుందని ల్యాబులో వాళ్లు పెట్టిన పేరు. పది నెలల పిల్లని అత్తగారి దగ్గర వదిలి వచ్చే మనిషికి ఫోను మోగితే గుండె ఆగినంత పనవుతుందని వాళ్లకి తెలియదు. తెలిసినా అదే పేరు పెట్టేవారేమో.

మేనేజరు గదిలోంచి వచ్చాడు. వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అడిగాడు.

"ఏమ్మా, మిషన్ నీ మాట వినట్లేదా? ఇంట్లో మొగుడైనా వింటాడా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. గువ్వ కూడా నవ్వబోయింది, మూతి సహకరించలేదు.

"శనివారంతో నీ మూడు నెలలు అయిపోతాయి, గుర్తుందిగా? పదో తరగతితో చదువు ఆపేసినా పోనీలే పాపం అని కూర్చోబెట్టాను. సోమవారం వచ్చినప్పుడల్లా ఈ తంతు చూడటానికి కాదు."

ఆదివారం కరెంటు తీసేసి, సోమవారం మళ్లీ పెడతారు. పెట్టినప్పుడల్లా ప్రింటర్ పోతుంది. అందులో తన తప్పేమిటో గువ్వకి తెలియదు. అయినా "సారీ సార్" అంది. పదకొండు రిపోర్టులూ పెన్‌డ్రైవులో ఎక్కించుకుని, మెట్లెక్కి ఎక్స్‌రే గదికి పోయి, అక్కడివాళ్లని బతిమాలి తీయించి తెచ్చేసరికి రవిక వీపుకి అంటుకుపోయింది. అంతకన్నా ముందే, ఛాతీ బరువెక్కి రాయిలా అయింది.

సామాను గదికి లోపలి గడియ ఎప్పుడో ఊడిపోయింది, బయట గడియ ఒక్కటే ఉంది. ఫినాయిలు డబ్బాల మధ్య ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, చిన్న చేతిపంపుతో పిల్లకి సీసాలోకి పాలు తీసుకోవడానికి ఈ మొత్తం భవనంలో గువ్వకి దొరికిన చోటు అదొక్కటే. ఆ పావుగంటా తలుపుకి అవతల, ఈ భవనమంతా తుడిచే పెద్దమ్మ నిలబడుతుంది. తడి మాపు కర్ర గుమ్మానికి అడ్డంగా పెట్టి, ఎవరైనా వస్తే "తడి తడి, జారిపడతారు, అటు పోండి" అని తోలేస్తుంది.

"తల్లీ, కంగారుపడకు. కంగారుపడితే పాలు దిగవు," అంది పెద్దమ్మ బయటనుంచే.

"శనివారం తీసేస్తాడేమో పెద్దమ్మా."

"తీసెయ్యడు. మరీ అంత చెడ్డోడు కాదు."

గువ్వకి ఉద్యోగం పోతుందన్న భయమొక్కటే కాదు. కింది అంతస్తులో అద్దాల తలుపున్న గది ఒకటి ఉంది. లోపల రంగు చాప, చిన్న మంచాలు, ఒక ఆయా. పర్మినెంటు అయినవాళ్ల పిల్లల్ని అక్కడ ఉంచుకోవచ్చు. అత్తగారు ఆదివారం తేల్చి చెప్పేసింది: "ఈ శనివారం దాకానే. నా మోకాళ్లు ఇంక పిల్లదాని వెనక పాకలేవు. సోమవారం నుంచి నీ పిల్ల, నీ ఇష్టం." పర్మినెంటు అయితే పిల్ల ఆ రంగు చాప మీద. కాకపోతే తల్లీపిల్లా ఇద్దరూ ఇంట్లో, అత్తగారి మాటల కింద.

మధ్యాహ్నం భోజనాల వేళ కౌంటరు ఖాళీ అయ్యాక, గువ్వ ఫోను ఇంజనీరుకి ఫోను చేసింది. నెట్‌వర్కు అంతా చూసేది అతనే, కానీ అతని మొహం ఎవరూ చూసినవాళ్లు లేరు. గొంతు ఒక్కటే వస్తుంది. అందుకే ఆ పేరు.

"ప్రింటర్‌కి ఐపీ అడ్రసు మారిపోతోందమ్మా," అన్నాడు ఏదో నములుతూ. "కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దానికి కొత్త అడ్రసు వస్తది. నీ కంప్యూటరేమో పాత ఇంటికే ఉత్తరాలు పంపుతా ఉంటది. మారకుండా ఒకటి పెట్టేసుకుంటే గొడవ ఉండదు."

"నేను పెట్టొచ్చా సార్?"

"వేళ్లున్నాయిగా? మొదటి మూడు ముక్కలు మనందరికీ ఒకటే, ఇంటిపేరు లాంటివి. చివరి నంబరు ఒక్కటే నీ ఇష్టం. కాకపోతే వేరేవాళ్లది అవకూడదు. ఒకే అడ్రసుకి ఇద్దరుంటే కొట్టుకు చస్తారు."

"ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుంది సార్?"

"లిస్టు ఉండాలి ఎక్కడో. అది వెతకాలంటే నేను ఆఫీసుకి పోవాల. వదిలెయ్. కంప్యూటర్లో కమాండ్లు కొట్టే ఆ నల్లడబ్బా తెరువు. పింగ్ అని కొట్టి, పక్కన నంబరు కొట్టు. పింగ్ అంటే ఏం లేదు, తలుపు తట్టి ఎవరైనా ఉన్నారా అని అడగడం. ఉంటే పలుకుతారు. పలక్కపోతే ఖాళీ ఇల్లు. దూరిపో."

గువ్వ కొట్టింది. యాభై పలికింది. అరవై పలికింది. పాప పుట్టింది ఏడో తారీఖున కదా అని డెబ్బై ఏడు కొట్టింది. నాలుగుసార్లు అడిగినా జవాబు లేదు.

"డెబ్బై ఏడు పలకట్లేదు సార్. కానీ... నిజంగా ఖాళీయేనా? ఎవరైనా బయటికెళ్లి ఉంటే?"

అతను పొలమారేదాకా నవ్వాడు. "ఇవి మనుషులా తల్లీ, బజారుకెళ్లడానికి? పెట్టెయ్."

ప్రింటర్ మీద చిన్న తెర, నాలుగు బాణాలు ఉన్నాయి. నెట్‌వర్కులోకి వెళ్లి, ఆటోమేటిక్ తీసేసి, మాన్యువల్ పెట్టింది. అంకెలు కొట్టడానికి మీటలు లేవు. పైబాణం ఒక్కోసారి నొక్కితే ఒక్కో అంకె పెరుగుతుంది. సున్నా నుంచి నూట తొంభై రెండు దాకా నొక్కేసరికి వేలికొస ఎర్రబడింది. నూట అరవై ఎనిమిది. ఒకటి. డెబ్బై ఏడు. తర్వాత కంప్యూటర్లో పాత అడ్రసు చెరిపి కొత్తది రాసి, శ్వాస బిగబట్టి నొక్కింది.

ప్రింటర్ గొంతు సవరించుకున్నట్టు గురగురమని, ఒక కాగితం బయటికి తోసింది. వెచ్చగా ఉంది. గువ్వ దాన్ని మడిచి, ఎందుకో తనకే తెలియకుండా, పాలసీసా ఉన్న సంచీలో పెట్టుకుంది.

మంగళవారం ప్రింటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. బుధవారం సాయంత్రం మేనేజరే కావాలని కరెంటు తీసి పెట్టించాడు. మరుక్షణం రిపోర్టు వచ్చింది.

"ఎవరు చేశారు?"

"నేనే సార్. ఫోను... నెట్‌వర్కు సార్ చెప్పారు, నేను చేశాను."

మేనేజరు ఆమెని కింది నుంచి పైకి కొత్తగా చూశాడు. "పర్లేదే," అన్నాడు. ఆ ఒక్క మాట గువ్వ ఇంటిదాకా పట్టుకెళ్లింది. బస్సులో రెండుసార్లు తనలో తను అనుకుని చూసుకుంది. పర్లేదే.

గురువారం తెల్లవారకుండానే పిల్ల లేచింది. పన్నొస్తోంది, చిగుళ్లు ఎర్రగా ఉబ్బాయి. ఇక పడుకునేది లేదని గువ్వ మొదటి బస్సు ఎక్కేసింది. ఆరుంపావుకి వెనక గేటు తీసి ఉంది. ముందు గేటు తెరిచేది ఎనిమిదికి. ఈ వేళప్పుడు ఈ గేటున వచ్చేది పెద్దమ్మ ఒక్కతే. వసారాలో అప్పటికే సగం గచ్చు తడిగా మెరుస్తోంది.

"వచ్చావా తల్లీ? చూడు, ఇవాళ నా వేలు మూడుసార్లకే తీసుకుంది!" అంది పెద్దమ్మ, గేటు పక్క గోడకున్న వేలిముద్ర మిషన్‌ని చూపిస్తూ. మిగతావాళ్లు హాజరు పుస్తకంలో సంతకం పెడతారు, ఈ మిషన్ తుడిచేవాళ్లకే. ఫినాయిల్లో, బ్లీచింగులో నాని నాని ఆమె బొటనవేలు మీద గీతలు అరిగిపోయాయి. ఆ మిషన్ ముందు రోజూ వేలు తుడిచి, ఊది, చీరకి రుద్ది, మళ్లీ పెట్టడం ఒక పెద్ద పని. "పట్టుకున్నాక మాత్రం థాంక్యూ అంటది. ఈ బిల్డింగులో నాకు రోజూ థాంక్సు చెప్పేది అదొక్కతే."

గువ్వ నవ్వుకుంటూ కౌంటరుకి వెళ్లింది. ప్రింటర్ తెర మీద ఎర్ర గుర్తు ఉంది. దగ్గరికెళ్లి చదివింది: ఈ అడ్రసు మరొకరు వాడుతున్నారు.

బాణాలు నొక్కబోయి ఆగింది. ముట్టుకుంటే ఇంకేమవుతుందో. ఫోను ఇంజనీరుకి చేస్తే ఎత్తలేదు. ఏడు గంటలకి, వాచ్‌మన్ రోజూ చేసేటట్టే, వేలు మిషన్ ప్లగ్గు పీకి తన ఫోను చార్జింగుకి పెట్టుకున్నాడు. అదే నిమిషంలో ప్రింటర్ మీద ఎర్ర గుర్తు పోయింది. ఈ రెండింటినీ గువ్వ కలిపి చూడలేదు. పోయింది కదా, బతికానురా దేవుడా అనుకుని మొదటి రిపోర్టు నొక్కింది. వచ్చింది.

శుక్రవారం పది గంటలకి వసారాలో మేనేజరు గొంతు లేచింది.

"వరసగా నాలుగు రోజులు! చెప్పాపెట్టకుండా! ఇదేమన్నా సత్రమా?"

పెద్దమ్మ మాపు కర్ర పట్టుకుని అతని ఎదురుగా నిలబడి ఉంది. ఆమె మొహంలో భయం కన్నా ముందు అయోమయం ఉంది. ఎవరో వేరేవాళ్లని తిడుతున్నాడేమోనని వెనక్కి తిరిగి చూసింది కూడా.

"నేను రాకపోవడమేంటయ్యా? రోజూ వచ్చాను కదా."

"మంగళవారం నుంచి నీ వేలు లేదు. మిషన్ రోజూ ఆరున్నరకి నా కంప్యూటర్‌కి పంపుతుంది. ఒక్కరోజు కూడా నీ పేరు లేదు."

"థాంక్యూ అందయ్యా! నాలుగు రోజులూ అంది!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దమ్మ తడబడి, కింద గచ్చుకేసి చెయ్యి చాపింది.

"నేను రాకపోతే ఇది ఎవరు తుడిచారు? నువ్వు నిలబడ్డ చోటు ఎవరు తుడిచారు?"

మేనేజరు తన బూట్ల కిందికి చూశాడు. గచ్చులో ఆ బూట్ల నీడ కనిపిస్తోంది. "అది మిషన్‌ని అడుగు," అన్నాడు.

"ఏమయ్యా, రోజూ గేటు తీసింది నువ్వే కదా, చెప్పు," అని వాచ్‌మన్‌కేసి తిరిగింది పెద్దమ్మ.

వాచ్‌మన్ చెవి గోక్కున్నాడు. "మిషన్ ఉందిగా సార్. ఇక మనిషిని చూడటం ఎందుకని నేను..."

కౌంటరు వెనక గువ్వ రిపోర్టు మడుస్తోంది. మంగళవారం నుంచి. సోమవారం మధ్యాహ్నం డెబ్బై ఏడు. ఎర్ర గుర్తు. ఏడు గంటల ప్లగ్గు. నాలుగు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. సోమవారం భోజనాల వేళ ఆ మిషన్ పలకకపోవడానికి కారణం అక్కడ లేకపోవడం కాదు. నిద్రలో ఉంది. దాని ఇంట్లో తను దూరింది, అందుకే అది పంపేవి మేనేజరుకి చేరడం లేదు.

"తల్లీ, నువ్వన్నా చెప్పవే," పెద్దమ్మ గొంతు ఆమె మీదికి వచ్చింది. "నిన్న పొద్దున చూశావు కదా. రోజూ ఆ గది దగ్గర..." అని నాలుక కరుచుకుంది. పని వేళలో గువ్వ సామాను గదిలో కూర్చుంటుందని అందరి ముందూ ఎలా చెప్పడం? ఆ స్థితిలో కూడా పెద్దమ్మకి ఆ ఆలోచన వచ్చింది.

మేనేజరు గువ్వకేసి చూశాడు. అందరూ చూశారు.

"నేను..." అంది గువ్వ. మడిచిన కాగితాన్ని మళ్లీ మడిచింది. "నా డ్యూటీ ఏడింటికి కదా సార్. ఆరింటి సంగతి నాకు తెలీదు."

పెద్దమ్మ గువ్వకేసి ఒక్క క్షణం, పిల్లకి జ్వరమేమోనని నుదురు తాకి చూసే మనిషిలా చూసింది. తర్వాత మాపు కర్రని బకెట్లో ముంచి, పిండి, గోడకి ఆనించింది. పని సగంలో వదిలేసే మనిషి కాదు కాబట్టి బకెట్లో నీళ్లు పారబోసి, బోర్లించి మరీ వెళ్లింది.

మధ్యాహ్నం గువ్వ వెనక గేటుకి వెళ్లింది. వేలు మిషన్ ఆరిపోయి ఉంది. కిందివైపు తెల్లకాగితం ముక్క అతికించి ఉంది. తల వంచి చదివింది. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, డెబ్బై ఏడు. పెన్నుతో రాసి ఉంది. ఎవరైనా ఇంతకుముందు తల వంచి ఉంటే కనబడేదే.

అటూ ఇటూ చూసింది. వాచ్‌మన్ కునుకు తీస్తున్నాడు. గోటితో ఆ కాగితాన్ని గీకింది. మొదటి ఏడు లేచి వచ్చింది, రెండోది గట్టిగా పట్టుకుంది. ఉమ్మి తడి చేసి మళ్లీ గీకింది. గోరు సందులో రక్తం చిమ్మింది. కాగితం ముక్కల్ని ఉండ చేసి కొంగున ముడేసుకుంది.

ఆ సాయంత్రం పిల్ల ఆ వేలు నోట్లో పెట్టుకుని చీకింది. గువ్వ వేలు లాక్కుంది. పిల్ల ఏడ్చింది. "చీకనీ, దాని నోటికాడిది ఎందుకు లాక్కుంటావు," అని అత్తగారు నవ్వింది. ఏ సంగతీ తెలియక అన్న మాట అది.

శనివారం ఆరు కాకముందే వచ్చింది. ఈసారి వేలు మిషన్ మేలుకుని ఉండగానే ఒక్కో నంబరూ తట్టింది, ఒక్కోదాన్ని పదేసి సార్లు. తొంభై ఒకటి పలకలేదు. ప్రింటర్‌ని అందులోకి మార్చింది. డెబ్బై ఏడు ఎవరిది వారికి ఇచ్చేసింది. ఆరున్నర అయింది. ఇప్పుడు ఆ మిషన్ తన కడుపులో దాచుకున్న వేళ్లన్నీ మేనేజరు కంప్యూటర్‌కి పంపుతుంది. నాలుగు రోజులూ వచ్చేస్తాయి. తను నోరు విప్పకపోయినా అవే చెబుతాయి.

కానీ తొమ్మిదింటికి మేనేజరు పిలిచినప్పుడు, ఆ గదిలోకి అడుగుపెట్టగానే నోరు దానంతట అదే తెరుచుకుంది. ప్రింటర్, నంబరు, నిద్రపోతున్న మిషన్, గీకేసిన కాగితం, అన్నీ చెప్పేసింది. ముక్కు చీదుకుంటూ చెప్పింది. "పెద్దమ్మని పిలవండి సార్. తప్పు నాది. కావాలంటే నన్ను తీసేయండి."

ఆ ఆఖరి మాట అన్నాక, అతను ఎక్కడ ఒప్పుకుంటాడోనని భయపడింది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, తెరని ఆమె వైపు తిప్పాడు. పెద్దమ్మ నంబరు పదకొండు ఎదురుగా నాలుగు వరసలు ఉన్నాయి. ఐదు యాభై రెండు. ఐదు నలభై తొమ్మిది. ఐదు యాభై ఐదు. ఐదు యాభై.

"పొద్దున వచ్చాయి. రాకపోయినా నాకు తెలుసు," అన్నాడు. "బుధవారమే నీ ఫోను ఇంజనీరు చెప్పాడు, రెండు మిషన్లు ఒకే నంబరు మీద కొట్టుకుంటున్నాయని. సరిచేస్తానన్నాడు. నేనే ఉండనీ అన్నాను."

గువ్వకి అర్థం కాలేదు. అతను చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"అరవై దాటిన మనిషి. నడుం వంగడం లేదు. పొమ్మంటే ఏడుపులు, శాపనార్థాలు, నలుగురూ వచ్చి బతిమాలడాలు. అదే రాలేదని మిషన్ అంటే? మిషన్‌ని ఎవడు బతిమాలతాడు? నీ పుణ్యమా అని పని సులువైంది." డ్రాయరు తీసి కాగితం ఒకటి ముందుకి తోశాడు. "సంతకం పెట్టు. పర్మినెంటు. నిన్న అందరి ముందూ నోరు జారకుండా నిలబడ్డావు చూడు, అక్కడ నచ్చావు. ఇవాళ కాస్త ఎక్కువ వాగావు. పర్లేదు, కొత్త కదా."

కాగితం మీద రెండో వరసలోనే ఉంది: పిల్లల గది సౌకర్యం. గువ్వ కళ్లు అక్కడినుంచి కదలలేదు. సంతకం పెట్టింది. పెన్ను పట్టిన వేలిగోరు కింద నల్లగా గడ్డకట్టి ఉంది.

"ఆ వేలు మిషన్ కూడా ఇక నీదే. కొత్తామె వచ్చింది, వేలు ఎక్కించు. పదకొండు నంబరే ఇచ్చెయ్."

కొత్తామెకి ముప్పై ఏళ్లుంటాయి. చేతులు ఇంకా నున్నగా ఉన్నాయి. గువ్వ మిషన్‌లో పదకొండు తెరిచింది. ఈ నంబరులో ఇప్పటికే ఒకరున్నారు అంది మిషన్. తీసేయాలా? కింద అవును, కాదు అని రెండే మాటలు.

"ఏమైందక్కా?" అంది కొత్తామె.

"ఏం లేదు. ఒక నంబరులో ఇద్దరుండకూడదు," అంది గువ్వ. అవును నొక్కింది. కొత్తామె వేలు పెట్టీ పెట్టగానే మిషన్ థాంక్యూ అంది.

పదకొండింటికి ఛాతీ సలపడం మొదలైంది. సోమవారం నుంచి ఈ అవస్థ ఉండదు. పిల్ల కిందనే ఉంటుంది, దిగి వెళితే చాలు. ఇదే ఆఖరిసారి. సామాను గదిలోకి వెళ్లి, తలుపు చేరేసి, స్టూలు మీద కూర్చుంది. గోడవారగా పెద్దమ్మ ఇంటికేసుకెళ్లే చెప్పులు ఒకదాని పక్కన ఒకటి సర్ది ఉన్నాయి. నిన్న పనిచెప్పులతోనే వెళ్లిపోయినట్టుంది. గువ్వ గోడవైపు తిరిగి రవిక విప్పుకుంది. పాలు దిగలేదు. కంగారుపడకు అనుకుంది. చాలాసేపటికి ఒక్కో చుక్కా సీసాలో పడసాగింది.

బకెట్ చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ గొంతు.

"ఇదే సామాను గది. దీనికి లోపల గడియ లేదు, సామాన్లు పోతున్నాయని సారు గోల. పని అయిపోగానే బయట గడియేసి తాళం పెట్టాల. సోమవారం దాకా మళ్లీ తీసే పని లేదు."

"లోపలెవరన్నా ఉన్నారేమో," అంది కొత్తామె.

తలుపు మీద వేళ్లతో తట్టాడు. "ఎవరన్నా ఉన్నారా?"

గువ్వ కొంగు రెండు చేతులా ఛాతీకి అదుముకుంది. ఉన్నానంటే తలుపు తోస్తాడు. తడి తడి, అటు పోండి అని తోలేవాళ్లు లేరు. శ్వాస బిగబట్టింది.

అతను మళ్లీ తట్టాడు. నాలుగుసార్లు.

"పలకట్లేదు. ఖాళీయే," అన్నాడు.

ఇనుప గడియ జారి గూట్లో పడింది. తాళం నొక్కిన చప్పుడు. కౌంటరు మీద వదిలి వచ్చిన ఫోను ఎక్కడో దూరంగా మోగుతోంది. గువ్వ ఈసారి ఉలిక్కిపడలేదు. "ఉన్నాను," అంది. ఆ మాట తనకే సరిగా వినబడలేదు. బకెట్ చక్రాలు వసారా చివరికి వెళ్లిపోతున్నాయి.